స్నేర్ మీద చిన్న దెబ్బ కంప్యూటర్ దాకా చేరాలంటే

మేముండేది హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో. అక్కడ మామూలు డ్రమ్ సెట్ వాయిస్తే కింది ఇంటివాళ్లకు నిద్ర ఉండదు. అందుకని నా దగ్గరున్న సెట్‌కే హెడ్లు (వాయించే పై పొరలు) తీసేసి, చప్పుడు తక్కువ చేసే వలలాంటి మెష్ హెడ్లు బిగించాను. లోపల ట్రిగ్గర్లు (దెబ్బని పసిగట్టే సెన్సర్లు) పెట్టి, ఒక పాత డ్రమ్ మాడ్యూల్ (ఆ దెబ్బల్ని శబ్దంగా మార్చే పెట్టె) మీదుగా ల్యాప్‌టాప్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టాను. ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లకు ముందే ఒక మాట: ఖరీదైన డ్రమ్ సాఫ్ట్‌వేర్ కొనే ముందు మాడ్యూల్‌లో ట్రిగ్గర్ సెట్టింగుల మీద కూర్చోండి. మనిషి వాయించినట్టు వినపడుతుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

ట్రిగ్గర్‌లో ఉండేది పీజో బిళ్ల. పల్చటి ఇత్తడి రేకు, దాని మీద తెల్లటి సిరామిక్ పొర. దెబ్బ పడితే వోల్టేజీ పుడుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో 35 మిల్లీమీటర్లవి తెచ్చుకున్నాను. సోల్డరింగ్ ఐరన్‌ని సిరామిక్ మీద ఎక్కువసేపు ఆనించకూడదు, పొర చెడిపోతుంది. స్నేర్ అనే ముఖ్యమైన డ్రమ్‌కి హెడ్ కింద ఒక బిళ్ల, రిమ్‌కి (అంచు చుట్టూ ఉండే వలయానికి) ఇంకోటి. రెండూ ఒకే స్టీరియో పి38 జాక్ (పావు అంగుళం లావు ప్లగ్ పట్టేది) లోకి వెళ్తాయి: టిప్‌కి (కొనకి) హెడ్, రింగ్‌కి (నడుమ ఉండే పట్టీకి) రిమ్. కేబులూ స్టీరియోదే కావాలి, గిటార్ కేబుల్ వేస్తే రిమ్ పలకదు. కొన్ని మాడ్యూళ్లకు రిమ్ దగ్గర పీజో పనికిరాదు, స్విచ్ కావాలి. అది ముందే చూసుకోవాలి.

బిళ్లని డ్రమ్ నడిమధ్యలో పెడితే సరిగ్గా దాని మీద పడిన దెబ్బ మిగతావాటికంటే గట్టిగా వస్తుంది. అంచు దగ్గరికి జరిపాక చాలావరకు సర్దుకుంది.

నా మాడ్యూల్‌కి యూఎస్‌బీ లేదు, అయిదు పిన్నుల మిడి సాకెట్ మాత్రమే ఉంది. మిడి అంటే ఏ డ్రమ్ ఎంత గట్టిగా మోగిందో అంకెల్లో పంపే పద్ధతి, 1983 నుంచీ ఉంది కాబట్టి యూఎస్‌బీ-మిడి కేబుల్ ఒకటి కొంటే చాలు. చాలా కేబుళ్లలో 'ఇన్' అని రాసి ఉన్న ప్లగ్గే మాడ్యూల్ 'అవుట్'లో పెట్టాలి.

అసలు పని ఆ తర్వాతే. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మిడి ట్రాక్ తెరిచి, ఒక్కో డ్రమ్‌నీ మెల్లగా, గట్టిగా కొడుతూ వెలాసిటీ (దెబ్బ బలం) అంకెలు చూస్తూ కూర్చున్నాను. ఆ అంకె 1 నుంచి 127 దాకా ఉంటుంది. స్నేర్ మీద ఒక్క దెబ్బకి తెర మీద 94, దాని వెన్నంటే 17 వచ్చేది. మెష్ మళ్లీ ఊగడంతో మాడ్యూల్ దాన్ని రెండో దెబ్బగా లెక్కవేస్తోంది. దీనికి మాస్క్ టైమ్ (ఒక దెబ్బ తర్వాత మాడ్యూల్ ఇంకో దెబ్బని పట్టించుకోని సమయం) పెంచమంటారు. పెంచవచ్చు, కానీ దానికీ హద్దుంది. 120 టెంపోలో ముప్పైరెండో నోట్ల మధ్య దూరం 62.5 మిల్లీసెకన్లు. ఫ్లామ్‌లో (రెండు కర్రలూ దాదాపు ఒకేసారి పడే దెబ్బలో) ఆ రెండిటి మధ్య ఉండేది అంతకంటే చాలా తక్కువ. మాస్క్ ఎక్కువైతే ముందు పోయేది ఫ్లామే. అందుకే బిళ్ల మీద ఫోమ్ మందం పెంచి, హెడ్ ఇంకాస్త బిగించాను. ఆ రెండో అంకె దాదాపు మాయమైంది. ఆ మిగిలిన కాస్తకీ మాస్క్ కొద్దిగా పెంచితే సరిపోయింది.

థ్రెషోల్డ్ (ఎంత బలం దాటితే దెబ్బగా లెక్కించాలో ఆ హద్దు) దగ్గర ఇంకా ఓపిక కావాలి. కిక్ (కాలితో వాయించే డ్రమ్) తొక్కితే ఆ అదురుకి పక్కనున్న ఫ్లోర్ టామ్ డ్రమ్ కూడా మోగేది. థ్రెషోల్డ్ పెంచితే ఆ మోత ఆగుతుంది, దాంతోపాటే మెల్లటి దెబ్బలూ పోతాయి. మన తిశ్ర (మూడేసి లెక్కల) నడకలో స్నేర్ మీద పెద్ద దెబ్బల మధ్య పడే చిన్న దెబ్బలే ఊపునిస్తాయి. అవి పోతే ఎంత మంచి శాంపిల్ (ముందే రికార్డు చేసిన డ్రమ్ శబ్దం) పెట్టినా పాట నడవదు. అందుకని ముందు కిక్ స్టాండ్‌ని టామ్ నుంచి విడదీసి కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేశాను, తర్వాత క్రాస్‌టాక్ (ఒక డ్రమ్ అదురు ఇంకో డ్రమ్‌ని మోగించకుండా ఆపే సెట్టింగు) సరిచేశాను, అన్నిటికంటే చివర్లో థ్రెషోల్డ్ ముట్టుకున్నాను. గెయిన్ (ట్రిగ్గర్ సంకేతాన్ని ఎంత పెంచాలో ఆ సెట్టింగు) మాత్రం అత్యంత గట్టి దెబ్బకే 127 తగిలేలా తగ్గించాలి. మామూలు దెబ్బలన్నీ 127కి అంటుకుంటే అన్నీ ఒకేలా వినిపిస్తాయి.

దెబ్బకీ చప్పుడుకీ మధ్య ఆలస్యం సంగతి త్వరగానే తెమిలింది. మిడి తీగలో ఒక నోట్‌కి పట్టేది సుమారు ఒక మిల్లీసెకను. ఆలస్యంలో ఎక్కువ భాగం సౌండ్ బఫర్‌లోనే (కంప్యూటర్ శబ్దాన్ని పంపే ముందు కాసేపు దాచే చోటు). విండోస్‌లో ఏఎస్‌ఐఓ అనే, ఆలస్యం తగ్గించే సౌండ్ డ్రైవర్ వేసి, బఫర్ 512 నుంచి 128కి దించితే, 44,100 శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని కొలిచే సార్లు) దగ్గర 11.6 మిల్లీసెకన్లు కాస్తా 2.9 అయింది. చేతికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో మాత్రం వాయించకండి.

హై-హ్యాట్ (కాలితో తెరిచి మూసే జంట సింబల్స్) ఇంకో చిక్కు పెట్టింది. జనరల్ మిడి అనే ఉమ్మడి నోట్ల పట్టికలో మూసిన హై-హ్యాట్ నోట్ 42, తెరిచింది 46. రోలాండ్ మాడ్యూళ్లు అంచు మీద కొడితే 22, 26 పంపుతాయి. ఆ నోట్లు తెలియని సాఫ్ట్‌వేర్‌లో అంచు మూగబోతుంది. ఏ నోట్‌కి ఏ శబ్దమో చెప్పే డ్రమ్ మ్యాప్‌లో 22ని 42కి, 26ని 46కి మళ్లించాను.

ఇప్పుడు ప్రతి టేక్‌కీ మిడితో పాటు మాడ్యూల్ ఆడియోనీ వేరే ట్రాక్‌లో రికార్డు చేస్తున్నాను. స్నేర్ శబ్దం నచ్చకపోతే మిడి ఉంచి శాంపిల్ మార్చుకోవచ్చు, మళ్లీ వాయించక్కర్లేదు. దెబ్బలన్నిటినీ కంప్యూటరే లెక్కకి సర్దే క్వాంటైజ్ జోలికి మాత్రం పోను. మరీ లయ తప్పిన దెబ్బ ఉంటే దాన్నొక్కదాన్నే చేత్తో జరుపుతాను.