ఒంటి చక్రం మీద నిలబడే దాకా

2023 ఏప్రిల్‌లో పారిస్‌లో అద్దె స్కూటర్ల మీద ఓటింగ్ పెట్టారు. నిలబడి నడిపే ఆ ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉండాలా, పోవాలా అని. ఓటేసిన వాళ్లలో దాదాపు 89 శాతం మంది పోవాలన్నారు. ఆగస్టు ఆఖరుకల్లా వీధుల్లో ఒక్కటి కూడా మిగల్లేదు. నాకు ఓటు లేదు గానీ తిప్పలు మాత్రం నావే. ఇంటి నుంచి గార్ దు నోర్ స్టేషన్ దాకా రోజూ వాటి మీదే వెళ్లేవాణ్ణి.

మా ఆఫీసులో ఒకతను బ్యాటరీతో నడిచే ఒంటి చక్రం మీద వచ్చేవాడు. హ్యాండిల్ లేదు, సీటు లేదు, నిలబడడానికి చక్రానికి అటొక పెడల్ ఇటొక పెడల్, తొక్కేవి కావు. ఫ్రెంచ్‌లో దాన్ని జిరోరూ అంటారు. లిఫ్ట్ దగ్గర దిగి, పైనున్న పిడి లాగి, సూట్‌కేసులా దొర్లించుకుంటూ వచ్చి టేబుల్ కింద పెట్టేసేవాడు. నాకు నచ్చింది అదే. ఈ ఊళ్లో ఇప్పటికి రెండు సైకిళ్లు దొంగలకి సమర్పించుకున్నాను మరి.

సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొన్నాను. 16 అంగుళాల టైరు, 518 వాట్ అవర్ల బ్యాటరీ, 14 కిలోల పైచిలుకు బరువు. మా ఆవిడ దాన్ని నాలుగు వైపులా చూసి, "మిగతాది ఎప్పుడిస్తాడట?" అంది.

మొదటి రోజు అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో గోడ పట్టుకుని ఎక్కాను. ఒక కాలు పెట్టగానే చక్రం దానివైపు ఒరిగింది. రెండో కాలు పెట్టేలోపే నన్ను వదిలేసి రెండు గజాలు పరిగెత్తి పడిపోయింది. ఇరవై నిమిషాల్లో చొక్కా తడిసిపోయింది. మరుసటి రోజు చూస్తే పిక్కల లోపలి వైపు నీలంగా కమిలి ఉంది. చక్రం ఒరిగినప్పుడల్లా పక్క పలక అక్కడే నొక్కుకుంటుంది. పడిపోయేటప్పుడు పెడల్ అంచు వచ్చి కాలి ఎముకకి తగులుతుంది, ఆ నొప్పి వర్ణించలేను. మా అబ్బాయి ఫుట్‌బాల్ ప్యాడ్‌లు కట్టుకున్నాక కాస్త నయం.

ఇది ఎలా నిలబడుతుందో అర్థమయ్యాక సగం భయం పోయింది. చిన్నప్పుడు అరచేతిలో కర్ర నిలబెట్టే ఆట ఆడాం కదా, కర్ర ఎటు వాలితే చెయ్యి అటు జరపాలి. లోపలి సెన్సార్, మోటారు కలిసి చేసేది ఆ పనే. మనం ముందుకి వాలితే చక్రం ముందుకి ఉరికి మన కిందికి వస్తుంది, వెనక్కి వాలితే నెమ్మదిస్తుంది. అదే యాక్సిలరేటర్, అదే బ్రేకు. అయితే అది చూసుకునేది ముందూ వెనకా మాత్రమే. పక్కలకి పడకుండా చూసుకోవాల్సింది మనం. అదీ కాస్త వేగం అందుకుంటే సులువే, సైకిల్ లాగే. నడక వేగంలోనే ఊగిసలాట ఎక్కువ. కానీ కొత్తవాడు భయంతో వెళ్లేది సరిగ్గా ఆ వేగంలోనే.

సైకిల్ వచ్చినవాడికి ఇది తొందరగా వస్తుందని అందరూ అన్నారు. నాకు అదే అడ్డమైంది. గోదావరి జిల్లాలో, కాలువ లాకుల పక్కన మా నాన్నకి సైకిల్ షాపు. సీటు అందని వయసులోనే కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కినవాణ్ణి. ఇక్కడ తడబడ్డ ప్రతిసారీ నా రెండు చేతులూ గాల్లో లేని హ్యాండిల్ కోసం వెతికేవి. చేతులు ముడుచుకోగానే భుజాలు బిగుసుకునేవి, భుజాలు బిగిస్తే చక్రం మలుపు తిరగదు. మలుపు తిప్పేది నడుము, భుజాలు, చూపే.

నాలుగో రోజు నుంచి లా విలెత్ దగ్గర ఊర్క్ కాలువ గట్టుకి మారాను. 1802లో నెపోలియన్ ఉత్తర్వుతో పని మొదలైన కాలువ ఇది. గట్టు చదునుగా ఉంటుంది, పొద్దున్నే జనం ఉండరు. పిడికి ఒక పాత బెల్టు కట్టి చేత్తో పట్టుకున్నాను, నేను దిగిపోయినా చక్రం నీళ్లలోకి పోకుండా. అక్కడ ఇనుప గుళ్లు విసిరే పెతాంక్ ఆట ఆడే ముసలాయన ఒకరు రెండు రోజులు చూసి చూసి దగ్గరికొచ్చారు. ఆయన జన్మలో ఇది ఎక్కలేదట. "కాళ్ల వైపు చూడకు, ఆ వంతెన వైపు చూడు" అన్నారు. చూశాను. పది మీటర్లు వెళ్లాను. అప్పటి దాకా నా లెక్క అడుగుల్లోనే.

ఇంకో సంగతి గమనించాను. ఒకేసారి గంటన్నర కుస్తీ పట్టిన రోజు ఏమీ రాలేదు. ఇరవై నిమిషాలు చేసి, విసుగొచ్చి ఇంటికెళ్లి పడుకుంటే, నిన్న రానిది మర్నాడు పొద్దున వచ్చేది. పదో రోజుకి ఎడమవైపు మలుపు వచ్చింది. కుడి మలుపుకి ఇంకో వారం పట్టింది. అన్నిటికంటే సతాయించింది ఆసరా లేకుండా ఎక్కడం. ఒక కాలు పెడల్ మీద ఉంచి, రెండో కాలితో నేలని తన్ని, ఆ ఊపు పోయేలోపు దాన్ని కూడా పెట్టేయాలి. దానికి మూడు వారాలు. ఈలోగా దారిలో ఆగాల్సి వస్తే మళ్లీ ఎక్కడానికి కరెంటు స్తంభం కోసం వెతుక్కునేవాణ్ణి. ఎవరైనా చూస్తే ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించేవాణ్ణి.

ఫ్రాన్స్‌లో వీటికి 2019 అక్టోబరు నుంచి నియమాలు ఉన్నాయి. వేగం గంటకి 25 కిలోమీటర్లు దాటకూడదు, ఉన్నచోట సైకిల్ దారిలోనే పోవాలి, ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఫుట్‌పాత్ ఎక్కితే 135 యూరోల జరిమానా. హెల్మెట్, మణికట్టు గార్డులు, మోకాలి ప్యాడ్‌లు నా సొంత నియమం. రెండో నెలలో ఆ నియమమే నన్ను కాపాడింది.

అప్పటికి ఆఫీసుకి దీని మీదే వెళ్తున్నాను, సేన్-దెనీ కాలువ వెంట. ఆ దారిలో ఒక్కో లాకు దగ్గర చిన్న ఎత్తు వస్తుంది. ఆ సాయంత్రం బ్యాటరీ అడుగంటింది. ఎవరో సైకిల్ మీద నన్ను దాటుకుని పోయాడు. నాకు రోషం వచ్చింది. లాకు ఎత్తులో ముందుకి బాగా వాలాను. చక్రం బీప్ బీప్ అంది, పెడల్స్ ముందు వైపు లేపి వెనక్కి నెట్టింది. అది "ఇక చాలు" అని చెప్పే పద్ధతి. నేను ఇంకా వాలాను. మరుక్షణం కాళ్ల కింద ఏమీ లేదు. కర్రని నిలబెట్టే చెయ్యి అలిసిపోతే కర్ర పడిపోదూ, అంతే. చార్జ్ తగ్గాక మోటారు సత్తువ కూడా తగ్గుతుందని చదివి ఉన్నాను, ఒంటికి తెలిసింది మాత్రం ఆ రోజే. మణికట్టు గార్డుల ప్లాస్టిక్ అరంగుళం వెడల్పున అరిగిపోయింది. అది నా అరచేతి చర్మం కావాల్సింది. ఇన్నాళ్లూ నేను భయపడింది పక్కకి పడతానేమో అని. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు పక్కకి పడితే కాలు ఆనించి దిగిపోవచ్చు. వేగంలో ముందుకి పడితే దిగడానికి సమయం ఉండదు.

ఆ తర్వాత చార్జ్ సగానికి వస్తే వేగం తగ్గిస్తున్నాను. బీప్ వినిపిస్తే నిటారుగా నిలబడుతున్నాను. వారాంతాల్లో ఊర్క్ గట్టు వెంట సెవ్రాన్ అడవి పార్కు దాకా పోయి వస్తున్నాను. పావుగంటకోసారి అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, దిగి నాలుగడుగులు వేస్తే సర్దుకుంటాయి. ఆదివారం లా షపెల్ వెళ్లి తమిళుల కొట్లలో కరివేపాకు, మునక్కాయలు తెచ్చుకుంటాను. బ్యాగులోంచి మునక్కాయలు బయటికి పొడుచుకొచ్చి ఉంటే సిగ్నళ్ల దగ్గర నన్ను చూడని వాడు లేడు.

నాన్న మాత్రం సంక్రాంతికి దాన్ని తెచ్చి చూపించమన్నారు. కుదరదు. 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికులు విమానంలో తీసుకెళ్లకూడదు, దీనిది మూడింతలకి పైనే. వీడియోలో చూపిస్తే ఆయన అడిగింది ఒకటే. "పంక్చర్ అయితే ఎలా తీస్తావురా?"

ఫిబ్రవరిలో అయింది. ఫోన్‌ని కుర్చీకి ఆనించి పెట్టాను. పెడల్స్ విప్పాను, పక్క పలకలు తీశాను. "ఆ తీగలు ఎటు నుంచి వచ్చాయో ముందు ఫోటో తీసుకో." తీసుకుని కనెక్టర్ ఊడదీశాను. టైరు లోపల ఉన్నది మామూలు ట్యూబే, పిల్లల సైకిల్ సైజు. నాన్న ముఖం వెలిగిపోయింది. టబ్బులో నీళ్లు పట్టి ట్యూబ్ ముంచితే వాల్వ్‌కి జానెడు దూరంలో బుడగలొచ్చాయి. ఉప్పుకాగితంతో గీరించారు. సొల్యూషన్ రాసి వెంటనే అతికించబోతే, "ఆగు, ఆరనీ" అని కేకేశారు. టైరు లోపల గుడ్డ పెట్టి చుట్టూ తుడవమన్నారు. గాజు పెంకు ముక్క గుడ్డకి తగులుకుంది.

అంతా బిగించి చక్రాన్ని నిలబెట్టాను.

"స్క్రూలు ఏమైనా మిగిలాయా?"

"రెండు, నాన్నా."

"మళ్లీ విప్పు."