ఒక్క క్లాసుకు ఇద్దరు టీచర్లా అని నిలదీసిండు

నిన్నటి సంది కోపం తగ్గుతలేదు, అందుకే రాస్తున్న. మాది దేవరకొండ దిక్కు ఒక సర్కారు హైస్కూల్, నేను లెక్కలు చెప్త. ఆరో తరగతికి రెండు సెక్షన్లుండె, ఒక రూమ్ కురుస్తుందని జూలైల రెండిటినీ కలిపిండ్రు, మొత్తం 64 మంది. విద్యాహక్కు చట్టమేమో 6 నుంచి 8 దాకా 35 మందికి ఒక టీచర్ ఉండాలంటది. టీచర్లం ఇద్దరమున్నం, రూమే ఒక్కటి. ఇంకో లెక్కల సారు, నేను కలిసి చెప్దామనుకున్నం, హెచ్ఎం మేడం సరే అన్నది.

సారు బోర్డు దగ్గర, నేను బెంచీల నడుమ. తండాల నుంచి వచ్చే పిల్లలు ఇంట్ల లంబాడీ మాట్లాడుతరు, గంత మందిల లేసి నాకు సమజ్ కాలే అనరు, పక్కన కూసుంటే మెల్లగ అడుగుతరు. ఒక పిల్ల 1/3 కంటె 1/4 పెద్దదన్నది, ఎందుకంటే 3 కంటె 4 పెద్దది కదా అన్నది. బోర్డు దగ్గర నిలబడితే ఈ సంగతి ఏడ తెలుస్తది.

నిన్న తనిఖీకి ఒక ఆఫీసరొచ్చిండు. నేను ఆఖరి బెంచిల కూసొని జొన్నరొట్టె తుంచి ఆ పిల్లకు మూడో వంతు, నాలుగో వంతు చూపిస్తున్న. వాకిట్ల నిలబడి "ఆమె ఎవరు" అన్నడు. టీచర్ సార్ అని మా సారు చెప్పిండు. "మరి గాడ కూసొని రొట్టె తింటుందేంది" అన్నడు, 64 మంది గొల్లున నవ్విండ్రు. పదహారేండ్ల సర్వీసు నాది, నా చేతుల మీద చదివినోళ్లు ఇప్పుడు టీచర్లున్నరు. ఇట్ల ఇద్దరం కలిసి చెప్తున్నం సార్ అని చెప్పబోతే "ఒక్క పీరియడ్‌కు రెండు జీతాలా, టైంటేబుల్ల ఉన్నదా" అన్నడు. టైంటేబుల్ల సారు పేరొక్కటే ఉన్నది, నాకు నోట మాట రాలే. ఒక్క పిల్లగాన్నన్న ఒక్క ప్రశ్న అడగలే, రిజిస్టర్ల ఏదో రాసి చాయ్ తాగి పోయిండు.

ఎవరన్న ఇట్ల ఇద్దరు కలిసి చెప్పాలనుకుంటే ముందుగాల టైంటేబుల్ల రెండు పేర్లు ఎక్కించి హెచ్ఎం సంతకం పెట్టించుకోండ్రి, పాఠం సంగతి తర్వాత. ఒక్కరే ఎప్పుడూ బోర్డు దగ్గర ఉండొద్దు, రెండోవాళ్లను పిల్లలు టీచర్ అనుకోరు, మేము వారం వారం మారుతున్నం. ఎండ లేనప్పుడు 32 మందిని వరండాలకు తీస్కపోయి అదే పాఠం నేను చెప్త, అట్ల చానా మంచిగుంటది, వానొస్తే ఆగమాగం. ముందురోజు పది నిమిషాలన్న మాట్లాడుకోవాలె, ఒకసారి సారు కసాగు అన్నడు నేను ఎల్‌సీఎం అన్న, రెండూ ఒకటే గని పిల్లలు వేరే వేరే లెక్కలనుకున్నరు.

ఇయ్యాల పొద్దుగాల్నే టైంటేబుల్ల నా పేరు ఎక్కించిన. ఆ పిల్ల ఇంటికాడ నుంచి రెండు రొట్టెలు తెచ్చింది, మేడం నేనే తుంచుత అన్నది. ఒకటి మూడు ముక్కలు చేసింది, ఇంకోటి నాలుగు చేసింది, మూడో వంతు తనుంచుకొని నాలుగో వంతు పక్కదానికిచ్చింది.