ఆదివారం మాత్ర

మా అమ్మ మందుల డబ్బాలో చిన్న పసుపుపచ్చ మాత్ర ఒకటుంటుంది, మెథోట్రెక్సేట్. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి, అంటే కీళ్లవాతానికి, డాక్టరుగారు రాశారు, వారానికి ఒక్కసారి, ఆదివారం మాత్రమే. మెడికల్ షాపు అబ్బాయి అలవాటుకొద్దీ కవరు మీద 1-0-0 అని గీసిచ్చాడు, అంటే రోజూ పొద్దున ఒకటి. అమ్మ కవరునే నమ్మింది. ఐదో రోజు ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకోగానే భగ్గున మంట, చూస్తే బుగ్గల లోపల పుండ్లు. "వేడి చేసిందిరా" అంటూ మజ్జిగ తాగుతూ కూర్చుంది. స్ట్రిప్పులో ఖాళీలు లెక్కపెట్టాక నా గుండె గుభేల్మంది.

అసలు సంగతేంటంటే, మన కణాల్లో డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ ఉంది (పేరు చూసి పారిపోకండి). ఆకుకూరల్లోంచి వచ్చే ఫోలేట్ అనే విటమిన్‌ని కణం వాడుకునే రూపంలోకి మార్చడం దాని పని. ఆ పని ఆగితే కొత్త డీఎన్ఏ తయారవదు, డీఎన్ఏ లేకపోతే కణం రెండుగా చీలదు. మెథోట్రెక్సేట్ చూడ్డానికి దాదాపు ఫోలిక్ యాసిడ్‌లాగే (మాత్రల్లో దొరికే ఫోలేట్ ఇది) ఉంటుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసేసి, తను ఎక్కకుండా, ఇంకొకర్ని కూర్చోనివ్వకుండా సతాయించే మనిషి ఉంటాడే, అచ్చం అలా ఎంజైమ్‌లో చోటు పట్టేస్తుంది. నోటి లోపలి పొర, ఎముక మజ్జ, ఇవన్నీ కొత్త కణాలు తెరిపి లేకుండా పుట్టే చోట్లు, అందుకే దెబ్బ ముందు అక్కడ తెలుస్తుంది.

అమ్మకి విరుగుడుగా ఇచ్చింది ఫోలిక్ యాసిడ్ కాదు, ఫోలినిక్ యాసిడ్. అక్షరం తేడా కాదిది. ఫోలిక్ యాసిడ్ పనికి రావాలంటే ఆ మూసుకుపోయిన ఎంజైమ్ గుండానే పోవాలి, ఫోలినిక్ ఆ గండం దాటేసిన సరుకు. ఇంకోటి, యూరిన్ ఇన్ఫెక్షన్లకి సల్ఫాతో కలిపి ఇచ్చే ట్రైమెథోప్రిమ్ కూడా బ్యాక్టీరియాలో ఇదే ఎంజైమ్‌ని పట్టుకుంటుంది. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు అది కూడా మింగితే మజ్జ దెబ్బతినే ప్రమాదం ఉంది, కాబట్టి ఏ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందే చెప్పండి.

ఇలా అడ్డుపడటాన్నే మందుగా మలిచినవాళ్లలో 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చిన పిల్లలకి ఇచ్చాడు. 1948లో అచ్చయిన ఆ ఫలితాల్లో 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది, కొంతకాలమే అనుకోండి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు పోయారు. అమ్మ మింగేది ఆ అమినోప్టెరిన్‌కి తమ్ముడే.

రక్తపరీక్షలు మామూలుగా వచ్చాక మాత్ర మళ్లీ మొదలైంది. ఇప్పుడది వేరే డబ్బాలో ఉంటుంది, మూత మీద స్కెచ్‌పెన్‌తో "ఆదివారం" అని రాశాను. అమ్మ మాత్రం ఆ పుండ్లు ఆవకాయ వల్లే వచ్చాయంటుంది, ఇప్పటికీ.