ఒకటో తీగ తిరిగొచ్చింది, రెండోది ఇంకా రాలేదు

ఎట్టకేలకు దొంగ దొరికాడు. నా ఎకౌస్టిక్ గిటారును ఆంప్లిఫయర్‌కు తగిలించగానే అన్నిటికంటే సన్ననివైన ఒకటి, రెండో తీగలు మూగబోవడానికి కారణం శాడిల్ (తీగలు ఆనే ఎముక పట్టీ) కింద ఉండి ఒత్తిడిని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్ కాదు, ఆ సంకేతాన్ని పెంచే ప్రీఆంప్ కాదు, శాడిల్ కూడా కాదు. గిటారు లోపల, సన్న తీగల వైపు, ఎక్స్ బ్రేసు (ముందు పలకకు, అంటే టాప్‌కు, లోపలి నుంచి దన్నుగా అంటించిన అడ్డచెక్కలు) కాలు బ్రిడ్జ్ (శాడిల్‌ను మోసే, టాప్ మీద అంటించిన చెక్క) రెక్క కిందుగా పోయే చోట జిగురు వదిలేసి ఉంది. దానిని అతికించిన తరువాత ఒకటో తీగ దాదాపు పూర్తిగా కోలుకుంది. రెండోది మాత్రం ఇంకా మొండికేస్తోంది కనుక ఈసారి రాతంతా ఆ రెండు తీగల గురించే. గత రాతలో చెప్పిన గుంయ్‌మనే హోరు ప్రీఆంప్ గూటికి రాగి టేపు అంటించి ఎర్త్ కలపగానే పోయింది, జాక్ గరగర కూడా తగ్గింది.

ముందుగా కొలత సంగతి. పిక్‌తో మీటితే ప్రతిసారీ బలం మారుతుంది కాబట్టి ఆ అంకెలను నమ్మలేము. అందుకని మోటారు వైండింగ్ దుకాణంలో 0.1 మి.మీ. ఎనామెల్ రాగి తీగ కొని, దానిని పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక్కొక్క తీగకు చుట్టి, తెగేదాకా మెల్లగా లాగాను. రాగి తీగ ఎప్పుడూ దాదాపు ఒకే బలానికి తెగుతుంది కనుక మీటు కూడా ఒకే తీరుగా ఉంటుంది. ధ్వనిశాస్త్ర ప్రయోగశాలల్లో ఎప్పటినుంచో ఉన్న ఈ పద్ధతిని గిటారు బాగుచేసేవారు ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. పికప్‌ను ఒక ఛానల్లోనూ, 30 సెం.మీ. దూరంలో పెట్టిన మైకును మరో ఛానల్లోనూ ఒకేసారి రికార్డు చేసి, నాలుగో తీగను సున్నాగా తీసుకున్నాను. మైకులో రెండో తీగ 2 డెసిబెళ్లు, ఒకటో తీగ 3 డెసిబెళ్లు తక్కువగా వినిపించాయి. పికప్‌లో అవే తీగలు 8, 11 డెసిబెళ్లు తక్కువగా ఉన్నాయి. అంటే రెండో తీగకు 6, ఒకటో తీగకు 8 డెసిబెళ్లు పికప్ దారిలోనే ఎక్కడో పోతున్నాయి. 12-53 సెట్టులో (అంటే తీగల మందం అంగుళంలో వెయ్యోవంతుల్లో 12 నుంచి 53 వరకు) ఈ రెండు తీగల బిగువు మూడో తీగ కంటే తక్కువ, కాబట్టి కొంత తేడా సహజమే. అయినా ఇంత తేడాకు ఆ లెక్క చాలదు.

శాడిల్‌ను తిప్పి పెట్టడం మొదటి పరీక్ష. స్వరస్థానాలు కాసేపు చెడతాయి గానీ, లోపం శాడిల్ అడుగుభాగంలో ఉంటే మూగతనం లావు తీగల వైపుకు మారాలి. అది మారలేదు. తరువాత పికప్‌ను బయటికి తీసి, గ్రానైటు పలక మీద పరిచి, పొడవునా ఒకే బరువును ఆన్చి చూస్తే తేడా ఎక్కడా 1.5 డెసిబెళ్లు దాటలేదు. ఈ పరీక్షకు 10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్ నిరోధం ఉన్న బఫర్ (పికప్ మీద భారం పడకుండా సంకేతాన్ని అందించే చిన్న సర్క్యూట్) వాడాను. 1 నానోఫారడ్ కెపాసిటెన్స్ ఉన్న ఇటువంటి పియెజో పికప్‌ను మామూలు 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌కు కలిపితే 159 హెర్ట్జ్ దగ్గరి నుంచే కిందిస్థాయి స్వరాలు కోతపడతాయి. ఆరో తీగ 82.4 హెర్ట్జ్ అని గుర్తుంచుకుంటే ఆ కోత ఎంతో తెలుస్తుంది. పైగా అది లావు తీగలకు వచ్చే జబ్బు కనుక నా గిటారు విషయంలో ప్రీఆంప్ మీద అనుమానం అక్కడితో తీరింది.

ఇక మిగిలింది బ్రిడ్జ్‌లో శాడిల్ కూర్చునే గాడి. తీగలు విప్పి, స్టీలు స్కేలు అంచును గాడి అడుగున నిలబెట్టి, వెనక నుంచి టార్చి వేస్తే వెలుతురు ఎక్కడా జారలేదు. అయితే శాడిల్‌కూ పికప్‌కూ మధ్య సన్నని కార్బన్ పేపరు, తెల్లకాగితం పెట్టి, తీగలను శ్రుతి దాకా బిగించి, మళ్లీ విప్పి చూస్తే కథ వేరుగా ఉంది. ఆరో తీగ నుంచి మూడో తీగ వరకు ముద్ర నల్లగా పడింది, రెండో తీగ దగ్గర బూడిదరంగుకు వచ్చింది, ఒకటో తీగ కింద కనీకనబడకుండా ఉంది. అక్కడ పికప్ కింద 80 జీఎస్ఎమ్ కాగితపు ముక్క, అంటే సుమారు 0.1 మి.మీ. మందం, పెడితే ఒకటో తీగ లోటు 8 నుంచి 3 డెసిబెళ్లకు తగ్గింది గానీ, మరునాటికి యథాస్థితికి వచ్చింది. కాగితం అణిగిపోయిందనుకుని గట్టి వెనీర్ ముక్క పెట్టినా అదే జరిగింది. అణిగేది ముక్క కాదని, దాని కింది చెక్కేనని అప్పుడే అనుమానం మొదలయింది. తీగలు విప్పి కొలిచిన గాడి ఒకటి, 73 కిలోల బిగువు మోస్తున్న గాడి మరొకటి.

బ్రిడ్జ్‌కూ సౌండ్ హోల్‌కూ మధ్య స్కేలును అడ్డంగా ఆన్చి ఫీలర్ గేజ్‌తో (సన్నని సందులను కొలిచే పల్చని లోహపు ఆకులతో) కొలిచాను. శ్రుతిలో ఉన్నప్పుడు లావు తీగల వైపు పల్లం 0.25 మి.మీ., సన్న తీగల వైపు 0.7 మి.మీ. ఉంది. తీగలు వదులు చేయగానే రెండు వైపులా 0.15 మి.మీ.కి వచ్చింది. ఫోనుకు తగిలించే ఎండోస్కోప్ కెమెరా ఇటువంటి వేటలో పెద్దగా పనికిరాదు, ఎందుకంటే దాని వెలుతురు సూటిగా పడి సన్నని సందులను మింగేస్తుంది. దంతవైద్యుల అద్దం, పక్కనుంచి పడే చిన్న ఎల్ఈడీ దీపం మేలు. 0.05 మి.మీ. ఫీలర్ ఆకు బ్రేసుకూ టాప్‌కూ మధ్య 40 మి.మీ. మేర జొరబడింది. నా ఊహ ఇది: ఆధారం పోయిన ఆ మూల కిందికి దిగుతుంది, గట్టి శాడిల్ దానితో పాటు వంగదు, కనుక ఒకటో తీగ ఒత్తిడి పక్క తీగల కిందికి పోతుంది. అదీగాక బ్రిడ్జ్ ముందుకు తూలి శాడిల్ గాడి గోడకు బిగుసుకోవడంతో మరికొంత ఒత్తిడి రాపిడిలోనే ఆగిపోతుంది.

పాత జిగురు మీద కొత్త పీవీఏ జిగురు పట్టదు కాబట్టి, 320 నంబరు ఎమరీ పేపరును మడిచి సందులో ఆడించి, దుమ్ము ఊది, పల్చని కత్తితో టైట్‌బాండ్ ఒరిజినల్ అనే చెక్క జిగురును లోపలికి నెట్టాను. చిన్న స్క్రూ జాక్ అడుగును వెనక పలక మీద కాకుండా దాని బ్రేసు మీదే ఆన్చాను. విశాఖలో గదిలో తేమ 78 శాతం ఉంది కనుక, మామూలుగా చెప్పే 24 గంటలకు మించి ఉంచి గానీ తీగలు ఎక్కించలేదు. ఇప్పుడు పల్లం రెండు వైపులా 0.3 మి.మీ. లోపే ఉంది. ఒకటో తీగ లోటు 8 నుంచి 1.5 డెసిబెళ్లకు వచ్చింది. రెండో తీగ లోటు 6 నుంచి 4కు తగ్గి అక్కడే ఆగింది!

కార్బన్ ముద్రలో ఇప్పుడు రెండో తీగ దగ్గర మాత్రమే చిన్న మచ్చలా పలుచన కనిపిస్తోంది. పక్కనుంచి ఫోటో తీసి కోణం కొలిస్తే, శాడిల్ వెనక మిగతా తీగలు 24 నుంచి 27 డిగ్రీల వరకు వంగుతుండగా రెండోది 15 డిగ్రీలే వంగుతోంది. దాని చివరను బ్రిడ్జ్‌లో బిగించే పిన్ను రంధ్రం మిగతావాటి కంటే వెనక్కి తొలిచి ఉంది. కాబట్టి తరువాతి పని ఆ రంధ్రం ముందు అంచులో సన్నని రంపపు బ్లేడుతో వాలు గాడి తీసి, తీగ శాడిల్‌కు దగ్గరలో పైకి వచ్చేలా చేయడం. ఎముక శాడిల్‌ను కూడా మార్చి టస్క్ (కృత్రిమ దంతపు పదార్థం) శాడిల్ పెట్టి చూస్తాను. మైకులో ఎముక ధ్వని నాకు ఇష్టమే గానీ దాని సాంద్రత అంతటా ఒకేలా ఉండదు, శాడిల్ కింది పికప్‌కు ఆ గుణం పనికిరాదు. చాలామంది దీనిని ఒప్పుకోరని తెలుసు.

అప్పటికీ రెండో తీగ దారికి రాకపోతే, బ్రిడ్జ్ ప్లేట్‌కు (బ్రిడ్జ్ కింద టాప్ లోపలి వైపు ఉండే చెక్కపలకకు) అంటించే కే అండ్ కే ప్యూర్ మినీ తరహా మూడు బిళ్లల పికప్ వైపు వెళతాను. అది శాడిల్ ఒత్తిడి మీద ఆధారపడదు, చెక్క ధ్వనిని ఎక్కువగా పట్టుకుంటుంది. పెద్ద శబ్దంలో ఫీడ్‌బ్యాక్ మాత్రం త్వరగా మొదలవుతుంది. ఇంట్లో వాయించుకునేవారికి అదే మేలని నా అభిప్రాయం. బిళ్లలను ముందు రెండు వైపులా అంటుకునే టేపుతో తాత్కాలికంగా పెట్టి, అదే రాగి తీగ పద్ధతిలో ఆరు తీగలూ కొలిచి, చోటు తేలాకే సూపర్ గ్లూ తీస్తాను.