అడిగే ధర, పలికే ధర

ఇంగ్లండ్‌లోని డెర్బీలో మా ఇంటి ముందు గదిలో, కిటికీ కింద బల్ల మీద, మూడు పట్టాల చిన్న రైలుదారి ఎప్పుడూ పరిచే ఉంటుంది. దాని మీద తిరిగేవి హార్న్‌బీ డబ్లో ఇంజన్లు. లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్డు కర్మాగారంలో మెకానో కంపెనీ 1938లో మొదలుపెట్టి, 1964లో మరో సంస్థ చేతిలోకి వెళ్లేదాకా తయారుచేసిన నమూనా రైళ్లు ఇవి. అసలు రైలులో ఒక అడుగు ఇక్కడ 4 మిల్లీమీటర్లు. పోత లోహపు బాడీ, 12 వోల్టుల మోటారు, నడి పట్టా నుంచి కరెంటు అందుకునే చిన్న రేకు. కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేసిన మా నాన్న మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు వీటిలో ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని, బరువు చూసి, "బొమ్మ అనుకున్నాను గానీ, ఇది ఇంజనేరా" అన్నారు.

ఈ ఇంజన్ల మీద ఇష్టం ఉన్నవాడిగా, ఆన్‌లైన్ వేలం సైట్లలో వీటికి పెడుతున్న ధరలు చూసి కొన్నేళ్లుగా బాధపడుతున్నాను. డబ్లోలో అన్నిటికంటే ఎక్కువగా దొరికేది నల్లరంగు చిన్న ట్యాంకు ఇంజను, అంటే నీళ్ల తొట్టెలు తన ఒంటి మీదే ఉండేది. ఏ ఊరి హాల్లో పాత బొమ్మ రైళ్ల సంత జరిగినా బల్లకొకటి చొప్పున కనిపిస్తుంది, 35, 40 పౌన్లకు బేరం తెగుతుంది. అదే ఇంజను సైటులో "చాలా అరుదు" అన్న మాటతో 180 పౌన్లకు, 220 పౌన్లకు ఉంటుంది. ఆ ప్రకటన వారం తర్వాతా ఉంటుంది, ఆరు నెలల తర్వాతా ఉంటుంది. అంటే ఆ ధరకు ఎవరూ కొనడం లేదని అర్థం. కానీ కొత్తగా చూసేవాడికి ఆ సంగతి తెలియదు, అదే దాని విలువ అనుకుంటాడు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. వేలంపాట అంటే మన ఊళ్లలో నలుగురూ ఒకచోట నిలబడి పాడేది. చెరువులో చేపలకో, సంతలో తైబజారుకో పాట ఎంతదాకా పోయిందో అందరి ముందూ తేలిపోతుంది. పేరుకు వేలం సైట్లే అయినా, ఈనాడు వాటిలో ఎక్కువ వస్తువులకు పాటే ఉండదు, అమ్మేవాడు చెప్పిన స్థిర ధర ఉంటుంది. బ్రిటన్‌లో ఈబే 2024 అక్టోబరు నుంచి మామూలు వ్యక్తులు అమ్మే వస్తువులకు, వాహనాలను మినహాయించి, రుసుము తీసుకోవడం మానేసింది. ఇల్లు సర్దుకుంటూ నాలుగు పాత వస్తువులు అమ్ముకునేవారికి అది మంచిదే. కానీ ధర ఎంత పెట్టినా, ఎన్ని నెలలు ఉంచినా అమ్మేవాడికి పోయేదేమీ లేకపోతే, నోటికొచ్చిన అంకె వేసి ఊరుకోవడానికి అడ్డేముంది? పక్కవాడు దాన్ని చూసి తనదీ అంతే పెడతాడు. అలా పది ప్రకటనలు ఒకదాన్ని చూసి ఒకటి పుట్టాక, అది మార్కెట్ ధరలా కనిపించడం మొదలవుతుంది.

కాబట్టి చూడవలసింది అమ్ముడైన వాటి జాబితా. అందులోనూ ఒక మెలిక ఉంది. బేరమాడి తగ్గించుకున్న వస్తువుకు ఆ జాబితాలో చాలాసార్లు మొదట అడిగిన ధరే, మీద గీత కొట్టి కనిపిస్తుంది. బేరం నిజంగా ఎంతకు తెగిందో కనిపించదు. ఇక నిజంగా పాట జరిగినప్పుడు, గెలిచినవాడు తన మనసులోని గరిష్ఠం కాక, రెండోవాడి పాట కంటే ఒక మెట్టు ఎక్కువ మాత్రమే చెల్లిస్తాడు. అంటే ఇద్దరు పట్టుదలకు పోతే చాలు, ధర ఆకాశానికి ఎక్కుతుంది. వారిలో ఒకరు ఆ రాత్రి పాటకు రాకపోతే అదే ఇంజను సగానికి పోతుంది. ఒక్క అమ్మకాన్ని ధరగా నమ్మకుండా, అదే నంబరు ఇంజను గత మూడు నెలల్లో పలికిన ధరలు కనీసం అయిదారు కాగితం మీద రాసుకుంటే తప్ప నిజం తెలియదు.

నేను దెబ్బతిన్న సంగతి కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటన్‌లో నాలుగు పెద్ద రైల్వే కంపెనీలు ఉండేవి కనుక, మెకానో వాళ్లు ఒకే ట్యాంకు ఇంజను బాడీకి నాలుగు రంగులు వేసి అమ్మారు. వాటిలో సదరన్ రైల్వే ఆకుపచ్చ రంగుది, 2594 నంబరుది, తక్కువగా మిగిలింది. సేకరించేవారు దానికోసమే వెతుకుతారు. మూడేళ్ల కిందట ఒక సైటులో అలాంటిది, "యుద్ధానికి ముందుది, మా తాతగారిది" అని కనిపించింది. 190 పౌన్లు. కప్లింగు, అంటే వ్యాగన్లను తగిలించే భాగం, కాస్త తేడాగా ఉందని ఫొటోలోనే గమనించాను. యుద్ధానికి ముందటి డబ్లోకు చదునైన స్ప్రింగు రేకు కప్లింగు ఉంటుంది, తర్వాతి వాటికి కొక్కెం ఉంటుంది. దీనికి కొక్కెమే ఉంది. ఎవరో తర్వాత మార్చి ఉంటారని నాకు నేనే సర్దిచెప్పుకుని డబ్బు కట్టేశాను.

నాలుగు నెలలు అల్మారాలో ఉంచాక ఒక సాయంత్రం కిటికీలోంచి ఎండ వాలుగా పడుతున్నప్పుడు దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ట్యాంకు పక్కన, 'సదరన్' అన్న అక్షరాల కింద, ఆకుపచ్చ రంగు లోపలి నుంచి ఏదో ఆకారం ఉబ్బుగా కనిపించింది. భూతద్దం పెట్టి, ఇంజనును మెల్లగా అటూ ఇటూ తిప్పాను. చక్రం మీద నిలబడిన సింహం. అది బ్రిటిష్ రైల్వేస్ చిహ్నం. 1948లో ఆ నాలుగు కంపెనీలనూ జాతీయం చేశాకే అది పుట్టింది. అంచున గోరుతో గీస్తే ఆకుపచ్చ కింద నలుపు బయటపడింది. సంతలో 40 పౌన్లకు దొరికే నల్ల ఇంజనుకు ఎవరో చక్కగా రంగు వేశారు. వెనక్కి పంపే గడువు ఎప్పుడో దాటిపోయింది. అమ్మినవాడికి రాస్తే తనకేమీ తెలియదని ఒక్క ముక్క జవాబు వచ్చింది. నిజంగానే తెలియకపోయి ఉండవచ్చు. రంగు వేయడం తప్పు కాదు. వేసిన సంగతి చెప్పకుండా చేతులు మారడమే తప్పు.

పెట్టెల విషయంలోనూ ఇదే జరుగుతోంది. పాత అట్టపెట్టె ఉంటే ఇంజను ధర బాగా పెరుగుతుంది కనుక, కొత్తగా అచ్చువేసిన నకలు పెట్టెలు విడిగా దొరుకుతున్నాయి. నకలని చెప్పి అమ్మినంతవరకు వాటితో ఇబ్బంది లేదు. నాలుగు చేతులు మారి, అంచులు నలిగాక, అసలు ఏదో నకలు ఏదో ఫొటోలో పోల్చడం కష్టం. యుద్ధానికి ముందటి పోత లోహానికి మరో జబ్బు ఉంది: జింకు మిశ్రమంలో సీసం వంటి మలినాలు కలిస్తే, అది దశాబ్దాల మీద లోపలినుంచే ఉబ్బి, పగిలి, చివరికి పొడి అవుతుంది. పైనుంచి తీసిన ఫొటోలో అది తెలియదు. ఇంజనును తిరగేసి తీసిన ఫొటో అడగండి. పంపడానికి వెనకాడితే వదిలేయండి.

అరుదు అన్న మాట గురించి మాత్రం కాస్త ఎక్కువగా చెప్పాలనిపిస్తోంది. అమెరికాలో లయనెల్ కంపెనీ 1957లో ఆడపిల్లల కోసమని గులాబీ రంగు ఇంజనుతో ఒక రైలు తెచ్చింది. అప్పుడు దాన్ని అడిగినవాళ్లు తక్కువ. కొన్నవాళ్లు తక్కువ కనుకే ఈనాడు దానికి అంత గిరాకీ, గిరాకీ ఉంది కనుకే రంగు మార్చిన నకళ్లూ ఉన్నాయి. నిజమైన అరుదు ఇలా పుడుతుంది: ఒకప్పుడు ఎవరూ పట్టించుకోక, పిల్లల చేతుల్లో విరిగి, చెత్తలోకి పోగా మిగిలినది. అంకె వేసిన ధ్రువపత్రంతో నేడు వచ్చే లిమిటెడ్ ఎడిషన్ల సంగతి వేరు. కొన్నవాళ్లు పెట్టె కూడా విప్పకుండా దాస్తారు, కనుక వెయ్యి తయారైతే దాదాపు వెయ్యీ కొత్తగానే ఉంటాయి. వాటిని రెండింతల ధరకు అమ్మకానికి పెట్టినప్పుడల్లా, ఆ వెయ్యిలో ఎన్ని ఒకేసారి అమ్మకానికి ఉన్నాయో లెక్కపెట్టి చూడండి.

డబ్లో విషయంలో కాలం కూడా కొనేవారి వైపే ఉంది. 1950లలో వీటితో ఆడుకున్న పిల్లలకు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు. వారి సేకరణలు ఒక్కొక్కటిగా బయటికి వస్తున్నాయి, అందుకునేవాళ్లు తక్కువ. సంతల్లో నేను చూస్తున్నంతలో మామూలు ఇంజన్ల ధరలు దిగుతున్నాయే తప్ప ఎక్కడం లేదు. హైదరాబాద్ నుంచి నన్ను అడిగే మిత్రులకు ఒక్క మాట: ఈ నమూనాలు కస్టమ్స్ వారికి బొమ్మల లెక్కే, బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు, తపాలా ఖర్చుతో పాటు సుంకం ఇప్పుడెంత ఉందో కూడా చూసుకుని లెక్క వేసుకోండి.

ఆకుపచ్చ ఇంజను కథ విని నాన్న ఫోన్‌లో అడిగిన మొదటి ప్రశ్న, "రంగు సంగతి తర్వాత, నడుస్తుందిరా?" అని. అప్పటికి నడవడం లేదు. ఈ మోటార్లలో అయస్కాంతం ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడుతుంది. సంతలో ఒక పెద్దాయన తన యంత్రంలో పెట్టి మళ్లీ దానికి బలం ఎక్కించారు, నేను మోటారులో కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు మార్చి, ఇరుసులకు చుక్క నూనె వేశాను. ఇప్పుడది అయిదు వ్యాగన్లను లాగుతోంది. ఎప్పుడైనా అమ్మవలసివస్తే 40 పౌన్లు పెడతాను. మొదటి వాక్యంలోనే రంగు తర్వాత వేసినదని రాసి, సింహం కనిపించేలా వాలు వెలుతురులో తీసిన ఫొటో జత చేస్తాను.