అర మార్కు

శుక్రవారం, రాత్రి పది దాటింది.

స్పానిష్ పరీక్ష పేపరు ఈ రోజు చేతికి వచ్చింది. 20కి 13.5. పోయిన మార్కుల్లో చాలావాటికి నాకు పేచీ లేదు, చదవలేదు కాబట్టి పోయాయి. ఒక్క అర మార్కు మాత్రం రోజంతా ముల్లులా గుచ్చుతూనే ఉంది.

'నీకు సమయం ఉందా?' అని అడగాలి. పాఠ్యపుస్తకం ప్రకారం 'తూ తియెనెస్' అని రాయాలి; 'తూ' అంటే 'నువ్వు', 'తియెనెస్' దాని వెంట వచ్చే క్రియ. నేను 'తూ తెనేస్' అని రాశాను. మేడమ్ ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. తప్పు అని రాసి ఉంటే ఊరుకునేదాన్నేమో. ఆ ప్రశ్నార్థకం ఉడికించింది.

అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. రెండు నెలలుగా రాత్రిళ్లు అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్ రేడియో వింటూ నిద్రపోతున్నాను. అక్కడ 'తూ' వినిపించదు, అందరూ 'వోస్' అంటారు, దాని వెంట 'తెనేస్' వస్తుంది. పుస్తకంలో 'యో మె యామొ' (నా పేరు ఫలానా) అని ఉన్నది వాళ్ల నోట 'షో మె షామొ' అవుతుంది. మొదటి వారం రేడియోలో ఏదో గరగర అనుకున్నాను! పరీక్షలో తల పుస్తకం నుంచి, మొండెం రేడియో నుంచి తెచ్చి అతికించానన్న మాట.

మధ్యాహ్నం క్లాసు లేదు. లైబ్రరీలో కూర్చుని 'వోస్' పుట్టుపూర్వోత్తరాలు వెదికాను. అర మార్కు కోసం మూడు గంటలు. పరీక్షకు ముందు ఆ మూడు గంటలు చదివి ఉంటే ఈ టపా ఉండేది కాదు.

లాటిన్‌లో 'వోస్' అంటే 'మీరు', బహువచనం. తరువాత ఒక్క మనిషినే మర్యాదగా పిలవడానికీ అదే వాడారు. మన 'మీరు' కథే. కానీ మర్యాద వాడే కొద్దీ అరిగిపోతుంది. 'వోస్' చాలనిపించక, అంతకన్నా పెద్దపీట వేస్తూ 'వుయెస్త్రా మెర్సెద్' అన్నారు, దాదాపు మన 'తమరు' లాంటిది. అదే నలిగి నలిగి 'ఉస్తెద్' అయింది. పీట పోయిన 'వోస్' స్పెయిన్‌లో క్రమంగా కనుమరుగైంది. అట్లాంటిక్ అవతల అర్జెంటీనాలో మాత్రం బతికింది, అదీ చనువు మాటగా. ఒకప్పుడు దొరలను పిలిచిన మాటతో ఇప్పుడు చెల్లెలిని పిలుస్తున్నారు. మన 'మీరు' ఏదో ఒక నాటికి 'ఒరేయ్' పక్కన చేరి కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించుకుని లైబ్రరీలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఎదురుగా ఉన్నవాళ్లు తలెత్తి చూశారు.

1982లో అర్జెంటీనా భాషా అకాడమీ కూడా 'వోస్'ను శిష్టవ్యవహారంగా ఒప్పుకుంది. సరే, అయినా నాకు అర మార్కు రాదు. నేను 'వోస్ తెనేస్' అని రాయలేదు కదా.

అసలు విషయం ఆ తరువాతి పేజీలో దొరికింది. నది దాటితే ఉరుగ్వే. దాని రాజధాని మాంటెవిడియోలో చాలామంది 'తూ' అంటూనే క్రియను మాత్రం 'వోస్' పద్ధతిలో పలుకుతారట. అంటే 'తూ తెనేస్'. అక్షరాలా నా తప్పే! లేచి గంతు వేయాలనిపించింది. పేపరు పట్టుకుని మేడమ్ గదికి బయలుదేరాను కూడా.

మెట్ల దగ్గర ఆగిపోయాను. మాంటెవిడియో వాళ్లు ఆ మాట వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకున్నారు. నేను రాసిననాటికి ఆ ఊళ్లో ఎలా మాట్లాడతారో నాకు తెలియనే తెలియదు. వాళ్ల నోట అది భాష, నా కాగితం మీద అతుకు. భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ 1967లో రాసిన ఒక వ్యాసం పోయిన సెమిస్టరులో చదివాం. నోరు జారిన పొరపాటు వేరు, నేర్చుకునేవాడి బుర్రలో అప్పటికి కుదిరిన సూత్రం ప్రకారం వచ్చే తప్పు వేరు అంటాడు. రెండోది పారేయదగింది కాదు, లోపల ఏం జరుగుతోందో చూపించే కిటికీ అది. నాది ఏది? పొరపాటు కాదు. తప్పే, కాకపోతే నేరుగా ఒక ఊరికి చేరిన తప్పు. మేడమ్ పెట్టిన ప్రశ్నార్థకం నిజానికి న్యాయమైనదే. వెనక్కి వచ్చేశాను.

సాయంత్రం గదిలో ఇంకో కథ. నా రూమ్మేటు హిందీ పిల్ల, ఏడాదిగా తెలుగు నేర్చుకుంటోంది. తలుపు దగ్గర నిలబడి, "మనం బయటికి వెళ్తున్నాం" అంది. నేను పుస్తకం మూసి, జుట్టు ముడి వేసుకుని, చెప్పులు తొడుక్కున్నాను.

"నువ్వు ఎక్కడికి?" అంది, ఆశ్చర్యంగా.

వెళ్తున్నది తనూ పక్క గది అమ్మాయీనట. 'మేము' అనాల్సింది. హిందీలో రెంటికీ ఒకటే 'హమ్' కదా, ఆ సంచీలోంచి చేతికి అందింది తీసింది. ఈ ఒక్క రోజుకైనా ఎవరినీ దిద్దకూడదనుకున్నాను. కానీ చెప్పులు తొడుక్కుని నిలబడ్డాను, చెప్పక తప్పలేదు. నేను లేకపోతే 'మేము', ఉంటే 'మనం' అని చెప్పాను.

"ఒక మాట చాలదా? రెండెందుకు?" అంది.

'అతను డాక్టరు' అనడానికి క్రియే అక్కరలేని భాషలో పెరిగి, స్పానిష్‌లో 'ఉండు'కు సెర్, ఎస్తార్ అని రెండు క్రియలేమిటని ఆరు నెలలుగా ఆమె ముందే గొణుగుతున్నదాన్ని. జవాబు ఏం చెప్పను?

"సరే. మేము వెళ్తున్నాం" అని ఒక్కో అక్షరం ఒత్తి పలికి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

చెప్పులు విప్పి, తప్పుల నోటుబుక్కు తీశాను. కొట్టేసిన ప్రతి వాక్యాన్నీ సోమవారానికి అయిదేసి సార్లు రాసి చూపించాలి. తూ తియెనెస్, తూ తియెనెస్. మూడోసారి రాసేటప్పుడు అలవాటుగా రేడియో పెట్టబోయి, ఆపేశాను.