‘కొంచెం దూరంగా’ అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయాను

2022 మే 24న, జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. తర్వాత కొన్నాళ్లు నెట్ కట్ చేశారు. మళ్లీ వచ్చాక మా ఊరి వాట్సాప్ గ్రూపు తెరిస్తే, చిన్నప్పటి నుంచి నన్ను ఎత్తుకుని తిరిగినవాళ్లు రాసిన మాటలు చదవలేకపోయాను. నాన్నతో ఆ సంగతి మాట్లాడదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అప్పుడు గుర్తొచ్చింది ‘టాంజెరీన్స్’ సినిమా.

2013లో ఎస్టోనియా, జార్జియా కలిసి తీసిన సినిమా ఇది. దర్శకుడు జాజా ఉరుషాద్జే. 2015లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. కథ 1992లో, జార్జియా నుంచి విడిపోవడానికి అబ్ఖాజియా చేసిన యుద్ధంలో జరుగుతుంది. అక్కడ తరాలుగా స్థిరపడ్డ ఎస్టోనియా వాళ్ల ఊరు దాదాపు ఖాళీ అయిపోయింది. ఇవో అనే ముసలాయన, కమలాతోట ఉన్న మార్గుస్ మిగిలారు. కాయ కోతకొచ్చింది, వదిలి వెళ్లలేరు. ఇవో ఆ కాయలకి చెక్కపెట్టెలు చేస్తుంటాడు. ఇంటి ముందు కాల్పులు జరిగి, రెండు పక్షాల నుంచి ఒక్కొక్కడు ప్రాణాలతో మిగులుతాడు. అహ్మద్ చెచ్న్యా వాడు, డబ్బు తీసుకుని అబ్ఖాజుల వైపు పోరాడేవాడు. నికో జార్జియా వాడు. ఇద్దరినీ ఇవో తన ఇంట్లోనే పెట్టుకుని, ఈ గడప లోపల చంపుకోవడం కుదరదని మాట తీసుకుంటాడు.

నాన్న వడ్రంగి. మా ఊరు రావులపాలెం దగ్గర. పెట్టెలు చేసే ముసలాయన కథంటే కూర్చుంటారని నా ఆశ. కానీ ఇంగ్లిష్ రాదు. అందుకని డీవీడీ తెప్పించి, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చూస్తూ తెలుగువి నేనే రాయడం మొదలుపెట్టాను. ఇలాంటి పనికి కంప్యూటర్లో ఉచితంగా దొరికే ప్రోగ్రాములున్నాయి. ఏ మాట ఎప్పుడు కనిపించాలో, ఎప్పుడు పోవాలో అందులో సరిచేసుకోవచ్చు. రెండు వరుసల్లో పట్టాలి, నాన్న కళ్లజోడు సర్దుకుని చదివేంతసేపు తెర మీద ఉండాలి. అది ఓపిక పని, అంతే.

అసలు చిక్కు ‘యూ’ అన్న మాట. ఇంగ్లిష్‌లో అందరికీ అదొక్కటే. తెలుగులో మాత్రం నువ్వా, మీరా, ఒరేనా అన్నది తేల్చకుండా నోరు విప్పలేం. అహ్మద్, నికో మధ్య మొదట్లో ‘ఒరే’ పెట్టాను. సినిమా సగం దాటాక వాళ్ల కళ్లలో ఆ కసి కరగడం మొదలవుతుంది. అక్కడ ‘నువ్వు’కి మార్చాలా? రెండు రోజులు అటూ ఇటూ మార్చి, చివరికి ‘ఒరే’నే ఉంచేశాను. మనకి తిట్టూ అదే, చనువూ అదే కదా. మిగతాది నటుల ముఖాలే చెప్తాయి.

ఆ ‘ఒరే’ దగ్గరే నాకు ఇంకో మనిషి గుర్తొచ్చాడు. నాన్న దగ్గర ముప్పై ఏళ్లు రంపం రెండో కొస పట్టినాయన, పేటలో, అంటే దళితవాడలో ఉంటాడు. నాన్న కంటే నాలుగేళ్లు పెద్ద. నాన్న ఆయన్ని ‘ఒరే’ అంటారు, ఆయన నాన్నని ‘మేస్త్రి గారండి’ అంటాడు. అది చనువని నేను అనుకునేదాన్ని. కానీ నా చిన్నప్పుడు మా వసారా చూరులో దోపి ఉండే స్టీలు గ్లాసు ఆయనదే. పని మధ్యలో తనే తీసుకుని, టీ తాగి, కడిగి మళ్లీ అక్కడే దోపేవాడు.

చివర్లో ఒక సీన్ ఉంది (సినిమా చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి). చనిపోయిన నికోని ఇవో తన కొడుకు సమాధి పక్కనే పాతిపెడతాడు. నేను చచ్చిపోయి ఉంటే నన్నూ ఇక్కడే పెట్టేవాడివా అని అహ్మద్ అడుగుతాడు. పెట్టేవాణ్ణి, కాకపోతే కొంచెం దూరంగా అంటాడు ఇవో. కొడుకంత దగ్గరైనవాడితో ఆడే సరసం అది. తెలుగులో రాసి చూసుకుంటే గుండె జారింది. ఊరికీ పేటకీ శ్మశానాలు వేరుగా ఉన్న చోట ‘దూరంగా’ అంటే ఏం వినపడుతుందో నాకు తెలుసు. పక్కకి, అవతలగా, చివరికి అని మూడు రాత్రులు మార్చి మార్చి రాశాను. చివరికి ‘ఓ రెండు మూరలు ఎడంగా’ దగ్గర ఆగాను. మూర అంటే చెయ్యి. కొలిచేది ఆ ఇద్దరి చేతులే.

పెరట్లో దుప్పటి కట్టి, అద్దె ప్రొజెక్టర్ పెట్టాం. నాన్నని అడగకుండానే ఆ రంపం పట్టినాయన్ని కూడా రమ్మన్నాను. మొదలెట్టగానే అక్షరాల బదులు డబ్బాలు వచ్చాయి. సినిమా వేసే ప్రోగ్రాములో తెలుగు ఫాంటు పెట్టలేదు. ఆ పది నిమిషాలూ నాకు చెమటలు పట్టాయి. ఆయన మెట్టు మీద కూర్చోబోతే అమ్మ కుర్చీ జరిపింది. కాసేపు నిలబడి, అంచు మీద కూర్చున్నాడు.

‘రెండు మూరలు ఎడంగా’ వచ్చినప్పుడు ఆయన గట్టిగా నవ్వాడు. నాన్న తెర వంకే చూస్తున్నారు. అయిపోయాక చాలాసేపు ఎవరూ లేవలేదు. తర్వాత నాన్న, పెట్టెలు చేసే సీన్ మళ్లీ ఒకసారి వెయ్యమన్నారు.

‘‘ఒరే, ఆ చెక్క కోత చూశావా?’’

‘‘చూశానండి. చెయ్యి తిరిగినోడేనండి.’’